ఒకే ప్రొటీన్, మూడు సీసాలు

మూత తీసి చూస్తే సీసాలో ఏమీ కనబడదు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్లలు మొదటిసారి చూసి నా దగ్గరికే పరిగెత్తుకొస్తారు: "మేడమ్, ఖాళీ సీసా పంపించారు!" ఖాళీ కాదు నాన్నా, వంద మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉంది, అడుగున పొరలా ఎండిపోయి ఉంది, అంత తక్కువ కాబట్టి కంటికి ఆనదు అంటాను. నమ్మరు. ట్యూబ్‌లైట్ కింద పెట్టి అటూ ఇటూ తిప్పుతారు. ఇంకొందరు ఇంకాస్త తెలివిగా తలకిందులు చేసి తట్టి చూస్తారు. పొడి మూతలోకి చేరిపోయేది సరిగ్గా అప్పుడే.

నేను హైదరాబాద్‌లో, తార్నాక వైపు ఒక పరిశోధనశాలలో కణాలను పెంచే సెల్ కల్చర్ గది చూసుకుంటాను. కణాలకు మీడియా, అంటే అవి తిని పెరిగే ద్రవం, కలపడం, లిక్విడ్ నైట్రోజన్ నింపించడం, ఇంక్యుబేటర్లలో బూజు పట్టకుండా కాపలా కాయడం, ఆర్డర్లు పెట్టి బిల్లుల కోసం అకౌంట్స్ వాళ్లతో గొడవపడటం, అన్నీ నావే. మా ఫ్రిజ్‌లో ఉన్న వాటిలో బరువుకు రేటు చూస్తే అన్నిటికంటే ఖరీదైనవి ఈ గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్లు. వంద మైక్రోగ్రాములు పది వేల రూపాయలు అనుకుందాం. గ్రాము లెక్క కడితే పది కోట్లు! అందుకే ఈ సీసాలున్న డబ్బా తాళం నా దగ్గరే ఉంటుంది. పిల్లలు వెనకాల ఏమనుకుంటారో నాకు తెలుసు.

ఇవాళ రాయాలనుకున్నది వాటిలో ఒకదాని గురించి. రీకాంబినెంట్ హ్యూమన్ ఈజీఎఫ్, అంటే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, బరువు ఆరువేల రెండు వందల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), అంతే. ఈ మధ్య మా ఇంట్లోవాళ్లే ఇద్దరు, వేర్వేరు కారణాలతో, దీని గురించే అడిగారు. ఫోన్‌లో చెప్తే సగం కూడా చెప్పినట్టు అవ్వలేదు.

ముందు నా సీసా సంగతి. తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పాలి, మూతకు, గోడలకు అంటినదంతా అడుగుకు చేరడానికి. తర్వాత వంద మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు, లేదా కంపెనీ పత్రంలో చెప్పినట్టు బాగా పలచటి అసిటిక్ ఆమ్లం, గోడ మీదుగా మెల్లగా జారవిడవాలి. వోర్టెక్స్ అనే కుదిపే యంత్రం మీద పెట్టి గిరగిరా తిప్పకూడదు. ప్రొటీన్‌ను నురగ వచ్చేలా కుదిపితే పాడవుతుంది. వేలితో రెండుసార్లు తట్టి, కాసేపు వదిలేస్తే దానంతట అదే కరుగుతుంది. ఇప్పుడది మి.లీ.కి ఒక మిల్లీగ్రాము ద్రావణం. దాన్ని పది చిన్న గొట్టాల్లోకి, పదేసి మైక్రోలీటర్లు పంచుతాను. ఒక్కో గొట్టం అరలీటరు మీడియా సీసాకు. అప్పుడు మి.లీ.కి 20 నానోగ్రాములు వస్తుంది. అంటే ఆ ఖాళీగా కనబడ్డ సీసా అయిదు లీటర్ల మీడియాకు సరిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక గానీ పిల్లలకు తాళం ఎందుకో అర్థం కాదు.

గొట్టాలుగా పంచడానికి బద్ధకించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పెద్ద గొట్టం ఒకటే తీసి, కరిగించి, కావలసినంత లాగి, మళ్లీ మైనస్ ఇరవైలో పెట్టేస్తారు. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ కొంత పోతుంది. దానికి తోడు బాగా పలచన చేసి పెట్టుకుంటే ప్రొటీన్ ప్లాస్టిక్ గోడకే అంటుకుపోతుంది. గొట్టంలో ఉందనుకుంటాం, గోడ మీద ఉంటుంది. దాచుకోవాలంటే గాఢంగానైనా ఉంచాలి, లేదా తోడుగా కొంచెం ఆల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్ కలపాలి. ఇంకొకటి, ఇళ్లల్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్లు దీనికి పనికిరావు. మంచు పేరకుండా ఉండటానికి అవి మధ్యమధ్యలో వాటంతట అవే వేడెక్కుతాయి.

అదే ఎండు పొడిగా ఉన్నప్పుడు మాత్రం భలే గట్టిది. మే నెలలో పార్సిల్ వస్తే ఐస్ ప్యాకులు గోరువెచ్చగా ఉంటాయి, పిల్లల మొహాలు పాలిపోతాయి. చాలా కంపెనీల పత్రాలు పొడి రూపంలో గది వేడికి రెండు మూడు వారాలు ఆగుతుందనే చెప్తాయి. కొరియర్ అతని మీద అరవడం అనవసరం. పాపం, అతను ఎండలో పడి వచ్చాడు.

మరి ఇంత జాగ్రత్తగా వేస్తే కణాలకు ఏం ఒరుగుతుంది? మా దగ్గర ఎక్కువగా ఎంసీఎఫ్-10ఏ అనే రొమ్ము కణాలు పెంచుతాం. క్యాన్సర్ కణాలు కావు. క్యాన్సర్ కణాలతో పోల్చి చూడటానికి వాడతారు. మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో పుట్టిన వరస కాబట్టి ఆ పేరు. క్యాన్సర్ కణాలు దాదాపు ఏం పోసినా తిని పెరుగుతాయి. వీటికి మాత్రం గుర్రం సీరం, ఇన్సులిన్, హైడ్రోకార్టిసోన్, కలరా టాక్సిన్, వీటన్నిటితోపాటు ఈజీఎఫ్ కావాలి. ఈజీఎఫ్ ఆపేసి చూడండి. చావవు, అలిగినట్టు ఒకదాన్నొకటి కరుచుకుని గుంపులుగా ముడుచుకుంటాయి, విభజన దాదాపు ఆగిపోతుంది. మళ్లీ వేస్తే ఆ గుంపుల అంచులు విడతాయి, కణాలు కాళ్లు చాపుకుని పక్కకు కదులుతాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి ఓపిగ్గా చూస్తే, వేసిన కొద్ది నిమిషాలకే అంచుల్లో పొర కుచ్చిళ్లలా లేవడం మొదలవుతుంది. సంతకాలు, బిల్లులు ఎన్ని ఉన్నా, ఇది చూడటానికి నన్ను పిలవకపోయినా వెళ్తాను.

లోపల జరిగేది ఇదీ. కణం పొర మీద ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఈజీఎఫ్ తగలగానే రెండు గ్రాహకాలు జతకడతాయి, పొర లోపలి వైపు ఉన్న తోకల మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్లు అతికించుకుంటాయి, అక్కణ్ణించి కబురు ఒకరి నుంచి ఒకరికి పాకి కేంద్రకం దాకా పోతుంది. 'విభజించు' అని. అయిదు పది నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్తుంది, తర్వాత కణం ఆ గ్రాహకాలనే లోపలికి మింగేస్తుంది. అందుకే ఈ ప్రయోగం చేసే రోజు కల్చర్ గదిలో ఎవరూ మాట్లాడరు. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో పిపెట్, పక్కన ఐస్ బకెట్. ఫోన్ మోగితే తీయరు. అమ్మ ఫోనైనా సరే.

ఎక్కువ పోస్తే ఎక్కువ పెరుగుతుందన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఏ431 అని ఇంకో కణాల వరస ఉంది, అవి చర్మ క్యాన్సర్ కణాలు, వాటి మీద ఈ గ్రాహకాలు లక్షల్లో ఉంటాయి. మామూలు మోతాదులో ఈజీఎఫ్ వేస్తే వాటి పెరుగుదల తగ్గుతుంది! గ్రోత్ ఫ్యాక్టర్ అన్న పేరు చూసి మోసపోవద్దని పిల్లలకు నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

దీని కథ ఎలా మొదలైందో చెప్పకపోతే నాకు తోచదు. 1950ల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రీటా లెవీ-మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్ నరాలను పెంచే పదార్థం ఒకటి వెతుకుతున్నారు. అందులో న్యూక్లియిక్ ఆమ్లం ఉందో లేదో తేల్చడానికి దాన్ని నరికే ఎంజైమ్ కోసం కోహెన్ పాము విషం కలిపాడు. కలిపితే నరాలు తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువ పెరిగాయి. వెతుకుతున్న పదార్థం విషంలోనే దండిగా ఉంది. పాముకు విషగ్రంథి ఎలాగో, ఎలుకకు లాలాజల గ్రంథి అలాగే కదా అని ఎలుక గ్రంథి తీసి చూశాడు. అక్కడా ఉంది. ఆ సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే మాత్రం ఎవరూ ఊహించనిది జరిగింది. రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు ఏడో రోజుకే తెరుచుకున్నాయి. ముందు పళ్లు కూడా తొందరగా వచ్చేశాయి. ఇది నరాల పదార్థం చేసే పని కాదు, సారంలో ఇంకొకటేదో ఉంది. వేరే ఎవరైనా అయితే 'మలినం' అని పక్కన పెట్టేసేవారే. ఆయన ఆ రెప్పలు తెరుచుకునే రోజునే కొలతగా పెట్టుకుని, తర్వాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1962లో ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి ప్రకటించాడు. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

మనిషి ఈజీఎఫ్ దొరికింది ఇంకా విచిత్రమైన చోట, మూత్రంలో. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పదార్థం కోసం మనుషుల మూత్రం వడగట్టి, దానికి యూరోగాస్ట్రోన్ అని పేరు పెట్టారు. 1975లో దాని వరుస చదివితే ఎలుక ఈజీఎఫ్‌కు దగ్గరి చుట్టమని తేలింది: 53లో 37 అమైనో ఆమ్లాలు ఒకేలా ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరికైనా మనిషి ఈజీఎఫ్ కావాలంటే మూత్రమే గతి. ఇప్పుడు నేను ఆర్డర్ పెట్టే దానికి ముందు 'రీకాంబినెంట్' అని ఎందుకుంటుందంటే ఇందుకే. ఆ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారు చేయిస్తారు.

బ్యాక్టీరియాకు ఇందులో ఒకటే కష్టం. ఈ 53లో సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఆరు ఉన్నాయి, అవి రెండేసి చొప్పున మూడు గంధకపు బంధాలు వేసుకుంటేనే ప్రొటీన్‌కు ఆకారం వస్తుంది. ఆరింటిని జతలు కట్టడానికి పదిహేను దారులు, సరైనది ఒక్కటే: ఒకటోది మూడోదానితో, రెండోది నాలుగోదానితో, అయిదోది ఆరోదానితో. బ్యాక్టీరియా కణరసంలో ఈ బంధాలు సరిగా పడవు, ప్రొటీన్ ముద్దలు ముద్దలుగా పోగవుతుంది. ఆ ముద్దను యూరియా లాంటి దాంట్లో పూర్తిగా విప్పి, పలచన చేసి, మెల్లగా మళ్లీ మడత పడనివ్వాలి. తొందరపడితే చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నట్టే. గుండీలన్నీ పడతాయి, చొక్కా మాత్రం వంకర. తప్పుగా మడతపడ్డ దాన్ని తూకం వేసినా, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టినా బరువు సరిగ్గా అంతే చూపిస్తుంది. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద గీత కూడా దాదాపు అక్కడే పడుతుంది.

కాబట్టి పత్రంలో శుద్ధత 98 శాతం అని ఉండగానే మురిసిపోవద్దు. నేను వేలు పెట్టి చూసేది పనితనం దగ్గర. ఎక్కువ మంది చేసే పరీక్ష బాల్బ్ 3టీ3 అనే ఎలుక కణాల మీద: ఈజీఎఫ్ మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోయి, గరిష్ఠ పెరుగుదలలో సగం ఏ మోతాదుకు వచ్చిందో రాస్తారు. మి.లీ.కి 0.1 నానోగ్రాము కంటే తక్కువ ఉంటే మంచి సరుకు, మిల్లీగ్రాముకు కోటి యూనిట్లు అన్నమాట. నా దృష్టిలో ఆ ఒక్క అంకె లేని సీసా ఎంత చవగ్గా వచ్చినా దండగే.

తర్వాత చూసేది ఎండోటాక్సిన్. ఈ.కోలై ఒంటిమీది పొరలో ఉండే పదార్థం, శుద్ధి సరిగా చేయకపోతే ప్రొటీన్ వెంటే వచ్చేస్తుంది. మా రొమ్ము కణాలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. పక్క గదిలో మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు పెంచే వాళ్లకు మాత్రం అది పీడకల. పిసరంత తగిలినా ఆ కణాలు యుద్ధం వచ్చినట్టు రెచ్చిపోతాయి, గ్రోత్ ఫ్యాక్టర్ చేసిందేదో, మలినం చేసిందేదో విడదీయలేరు. ఇది కనిపెట్టే పరీక్ష గుర్రపునాడా పీత రక్తంతో చేస్తారు. కణాలకు నీలి రక్తం ఉన్న పీత పూచీ అన్నమాట.

ఇక రెండో సీసా, మా మామయ్య సంగతి. మిర్యాలగూడలో ఉంటాడు, షుగర్ పాతదే, పోయిన ఏడాది బొటనవేలి కింద పుండు పడింది. పండక్కి వెళ్లినప్పుడు కట్టు విప్పి చూపిస్తూ అన్నాడు: "బిడ్డా, కణాలు పెరిగే మందు పోస్తనంటివి గదా. గది జరంత నా కాలుకు పూయరాదూ?"

నవ్వొచ్చింది గానీ ఆయన అడిగింది తప్పేం కాదు. ఈజీఎఫ్ నిజంగానే మధుమేహ పుండ్లకు మందు. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ రీజెన్-డి అని రీకాంబినెంట్ ఈజీఎఫ్ జెల్ తయారు చేసింది. క్యూబావాళ్లు ఇంకో దారి పట్టారు. హెబెర్‌ప్రాట్-పి అనే మందును 75 మైక్రోగ్రాముల చొప్పున నేరుగా పుండు లోపలికీ అంచులకూ సూదితో ఎక్కిస్తారు, 2006 నుంచి అక్కడ వాడుకలో ఉంది. వాళ్లు ఈస్ట్‌లో తయారు చేస్తారు. కాళ్లు తీసేయకుండా కాపాడుకోవడం చిన్న దేశానికి ఎంత పెద్ద విషయమో ఆలోచిస్తే, ఆ పట్టుదలకు దండం పెట్టాలనిపిస్తుంది.

మరి నా సీసా ఎందుకు కాదు? అణువు అదే. 53 అక్షరాలూ అవే. కానీ నా సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది, దాని అర్థం మామయ్య అనుకున్నట్టు 'కంపెనీవాళ్లు బాధ్యత తప్పించుకోవడం' ఒక్కటే కాదు. నా సీసాలోది మనిషి పుండు మీద పెట్టడానికి ఎవరూ పరీక్షించలేదు. అందులో మిగిలిన బ్యాక్టీరియా ప్రొటీన్లు మనిషికి పడతాయా, ప్రతి బ్యాచ్ సూక్ష్మజీవులు లేకుండా ఉందా, పుండులో ఉండే ఎంజైమ్‌లు దాన్ని ఎంతసేపట్లో నమిలేస్తాయి, ఇవేవీ ఎవరూ కొలవలేదు. నా కణాలకు కొలవక్కర్లేదు కూడా. జెల్ వెనకాల ఇవన్నీ కొలిచిన కాగితాలు గుట్టలుగా ఉన్నాయి, రోగుల మీద చేసిన పరీక్షలున్నాయి. ఇంకోటి కూడా చెప్పాను: పెరగమని చెప్పే పదార్థం క్యాన్సర్ ఉన్నచోటుకీ అదే చెప్తుంది, అందుకే డాక్టర్లు చూసి గానీ రాయరు. ఇలాంటిదే పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌కు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది, 2008లో దాని మీద క్యాన్సర్ హెచ్చరిక పెట్టించారు, పదేళ్ల తర్వాత తీసేశారు. అంతంత కాలం వెంటపడి చూస్తారు మామయ్యా అన్నాను.

"అయితే డాక్టర్‌నే అడుగుమంటవు," అన్నాడు, కొంచెం నిరాశగానే. అడిగాడు. డాక్టర్ ముందు చచ్చిన కండ కోసేసి, కాలు మీద బరువు పడకుండా చెప్పులు మార్పించి, షుగర్ అదుపులోకి తెమ్మన్నాడట. జెల్ సంగతి తర్వాత చూద్దామన్నాడు. నాకు తెలిసినంతలో సరైన వరసే. బరువు పడే పుండుకు ఏ జెల్ పూసినా నడిచిన ప్రతిసారీ మళ్లీ చిట్లుతుంది.

మూడో సీసా మా పిన్ని కూతురిది. పెళ్లి కుదిరింది, మొహానికి ఏదో సీరం కొనాలట, వాట్సాప్‌లో ఫొటో పంపింది. "అక్కా, ఇందులో నీ ఈజీఎఫ్ ఉందట, నిజమేనా?" దినుసుల జాబితా పెద్దది చేసి చూశాను. ఎక్కడో చివర్లో 'ఎస్‌హెచ్-ఒలిగోపెప్టైడ్-1' అని ఉంది. నిజమే, సౌందర్య సాధనాల వాళ్లు ఈజీఎఫ్‌కు పెట్టుకున్న పేరు అదే. ఐస్‌లాండ్‌లో ఒక కంపెనీ బార్లీ మొక్కల్లో కూడా దీన్ని పండిస్తోంది. బ్యాక్టీరియా లేదు కాబట్టి ఎండోటాక్సిన్ బెడద లేదు, ఆ ఉపాయం నాకు నచ్చింది కూడా.

కానీ మంచి చర్మం అంటేనే గోడ. చర్మవ్యాధుల వాళ్లలో ఒక మోటు లెక్క ఉంది, 500 డాల్టన్ల కంటే పెద్ద అణువు చెక్కుచెదరని చర్మం దాటి లోపలికి పోవడం కష్టం అని. ఇది దానికి పన్నెండు రెట్లు. మామయ్య పుండు దగ్గర గోడే కూలిపోయి ఉంది కాబట్టి మందు లోపలికి చేరుతుంది. నీ బుగ్గల మీద గోడ శుభ్రంగా ఉంది తల్లీ, అది నీ అదృష్టం అని రాశాను. పైగా నీళ్ల సీరంలో, బాత్రూం అరలో, మూత రోజూ తీస్తూ పెడుతూ ఉంటే ఎన్నాళ్లు బతికుంటుంది? మూడు గంధకపు బంధాల పుణ్యమా అని ఈజీఎఫ్ మిగతా గ్రోత్ ఫ్యాక్టర్ల కంటే గట్టిదే, ఒప్పుకుంటాను. అయినా అసలు ఎంత కలిపారో రాయలేదు, పనితనం అంకె అంతకంటే లేదు.

నా మాట మీద అది ఆ కంపెనీకి మెసేజ్ పెట్టింది, మి.లీ.కి ఎన్ని నానోగ్రాములు అని. 'మా ఫార్ములా రహస్యం, ఫలితాలు మీరే చూస్తారు' అని జవాబొచ్చిందట, చివర రెండు పువ్వుల బొమ్మలతో. వంద మైక్రోగ్రాములు అమ్మేవాళ్లు నాకు లాట్ నంబరుతో సహా మూడు పేజీల పత్రం పంపిస్తారు!

చివరికి కొనేసింది. వాసన బావుందట.